కాల్చిన మాంసానికి వడ్డనకు ముందు విశ్రాంతి, వేడి నిలుపుదల: సైబరాబాద్ వంటశాలల సందర్భంలో ఒక పరిశీలన

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ పరిసరాల్లో ఆహార సేవా రంగం కార్యాలయాల వేగంతోనే విస్తరించింది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు సాగే ఈ ప్రాంతంలో నిప్పులపై కాల్చిన మాంసానికి ప్రత్యేక స్థానం ఏర్పడింది. 2006లో ముంబైలో మొదలైన బార్బెక్యూ నేషన్ బల్ల మధ్యలోనే కుంపటి అమర్చి వడ్డించే పద్ధతిని దేశమంతటా ప్రచారంలోకి తెచ్చింది. హైదరాబాదులోనే పుట్టిన అబ్సల్యూట్ బార్బెక్యూస్ కూడా ఆ పద్ధతినే అనుసరించింది. వీటికి తోడు వీధి చివరి కబాబు బండ్లు, కార్యాలయ ప్రాంగణాల్లోని క్యాంటీన్లు, ఇంటి నుంచే వండి పంపే చిన్న వ్యాపారాలు ఉన్నాయి.

ఈ వంటశాలలన్నింటికీ ఉమ్మడి సమస్య ఒకటుంది. గిరాకీ రోజంతా సమానంగా ఉండదు. మధ్యాహ్నం భోజన విరామంలోని రెండు గంటలు, శుక్రవారం సాయంత్రం మరికొన్ని గంటలు జనం ఒక్కసారిగా వచ్చి పడతారు. అందువల్ల వంటవారు ముందుగా కాల్చి సిద్ధంగా ఉంచుకుంటారు. కాల్చడానికీ తినడానికీ మధ్యనున్న ఈ కాలమే ప్రస్తుత వ్యాసానికి విషయం. మాంసోత్పత్తి, వధశాలల పరిశుభ్రత, మాంసం నిల్వ గురించి మన బోధనలో తగినంత చోటున్నది. పొయ్యి దించిన తరువాతి గంట గురించి మాత్రం దాదాపు ఏమీ చెప్పడం లేదు. అధిక సంఖ్యలో తినేవారు ఒకే పళ్లెంపై ఆధారపడే చోట ఆ గంటలో జరిగే పొరపాటు ఒక కుటుంబంతో ఆగదు. ఒక కార్యాలయ బృందం మొత్తాన్ని మంచాన పడవేయగలదు.

రెండు వేర్వేరు ప్రక్రియలు

విశ్రాంతి, నిలుపుదల అనే రెండింటినీ వంటశాలల్లో ఒకటిగా భావిస్తున్నారు. విశ్రాంతి అంటే పొయ్యి దించిన మాంసాన్ని కోయకుండా కొన్ని నిమిషాలు వదిలివేయడం. దీని ఉద్దేశం నాణ్యత. నిలుపుదల అంటే వడ్డించే వరకు సురక్షితమైన వేడిలో ఉంచడం. దీని ఉద్దేశం భద్రత. మొదటిదానిలో ఉష్ణోగ్రత తగ్గుతూ ఉండాలి. రెండవదానిలో తగ్గకూడదు. ఒకదాని పేరుతో మరొకటి చేసినప్పుడే చిక్కు వస్తుంది. "కాసేపు విశ్రాంతి ఇస్తున్నాం" అంటూ ఒక గంటసేపు బల్లపై ఉంచిన తట్టను విశ్రాంతిగా పరిగణించలేము. అది వేడిలేని నిలుపుదల.

విశ్రాంతి వల్ల జరిగేది

పచ్చి మాంసంలో సుమారు 75 శాతం నీరే. అందులో అత్యధిక భాగం కండర తంతువుల లోపలే బంధితమై ఉంటుంది. మాంసం వేడెక్కే కొద్దీ ప్రోటీన్లు అంచెలంచెలుగా రూపు మారతాయి. 50 డిగ్రీల సెల్సియస్ దాటాక మయోసిన్ గడ్డకట్టడం మొదలవుతుంది. 60 నుంచి 65 డిగ్రీల మధ్య తంతువులను చుట్టుకొని ఉన్న కొల్లాజెన్ పొర బిగుసుకొని లోపలి నీటిని బయటికి పిండుతుంది. 66 నుంచి 73 డిగ్రీల మధ్య ఆక్టిన్ కూడా రూపు మారి మాంసం గట్టిపడుతుంది. (ఈ వ్యాసంలోని ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనివే.) పొయ్యి మీదనున్న ముక్కలో అంచులు బాగా వేడిగా, మధ్యభాగం తక్కువ వేడిగా ఉంటాయి. దించిన వెంటనే కోస్తే పిండబడిన పలుచని రసం తంతువుల మధ్యనుంచి జారిపోతుంది. కొన్ని నిమిషాలు ఆగితే అంచులు చల్లబడి, లోపలి ఒత్తిడి తగ్గి, కరిగిన జెలటిన్ వల్ల రసం కొంత చిక్కబడుతుంది. అప్పుడు కోసినా కారేది తక్కువ.

అయితే దీనిని అతిగా అంచనా వేయరాదు. కాల్చేటప్పుడే మాంసం తన బరువులో 20 నుంచి 35 శాతం వరకు కోల్పోతుంది. విశ్రాంతి వల్ల మిగిలేది దానితో పోలిస్తే స్వల్పం. కోసిన పలకపై ఎర్రగా కనిపించే రసం కళ్లకు పెద్ద నష్టంగా తోస్తుంది కాని, ముక్కను అవసరానికి మించి మరో 8 డిగ్రీలు కాల్చడం వల్ల పోయే రసం అంతకంటే ఎక్కువ. వంటవారికి శిక్షణ ఇచ్చేవారు విశ్రాంతి మహిమను వర్ణించడం కన్నా సరైన ఉష్ణోగ్రత వద్ద దించడం నేర్పితే ఎక్కువ ప్రయోజనం.

ఇక్కడ గమనించవలసిన మరొక అంశం పొయ్యి దించాక కొనసాగే వంట. పూర్తి గొర్రె తొడను కాల్చే 'రాన్' వంటి పెద్ద భాగంలో అంచుల వేడి లోపలికి ప్రయాణించి మధ్యభాగాన్ని మరో 4 నుంచి 8 డిగ్రీలు పెంచగలదు. అందువల్ల అటువంటి భాగాన్ని గమ్య ఉష్ణోగ్రతకు కొంచెం ముందే దించి, రేకుతో వదులుగా కప్పి, 15 నిమిషాల వరకు ఉంచడం శాస్త్రీయమే. బిగించి కప్పితే ఆవిరి నిలిచి పైపొర మెత్తబడుతుంది.

అమెరికా వ్యవసాయ శాఖ 2011లో గొడ్డు, పంది, గొర్రె మాంసపు పూర్తి కోతలకు 62.8 డిగ్రీలతో పాటు 3 నిమిషాల విశ్రాంతిని సూచించింది. మన విద్యార్థులు తరచు ఉదహరించే సూత్రం ఇదే. అయితే అదే శాఖ కైమాకు 71.1, కోడిమాంసానికి 73.9 డిగ్రీలు అని వేరుగా చెప్పింది. మన సీఖ్ కబాబు కైమాతో చేసినది. తంగ్డీ కబాబు కోడిమాంసం. అంటే మన బార్బెక్యూ పళ్లెంలోని ప్రధాన వంటకాలు రెండింటికీ ఆ 3 నిమిషాల సూత్రం వర్తించదు. పాశ్చాత్య గ్రంథాల్లోని పెద్ద మాంసఖండపు నియమాన్ని మన చువ్వ మీది ముక్కకు అతికించడం ఈ విషయంలో ఎక్కువగా కనిపించే దోషం.

ముక్క పరిమాణమే నిర్ణాయకం

25 మిల్లీమీటర్ల మందం గల సీఖ్ కబాబును 75 డిగ్రీల వద్ద దించి, 30 డిగ్రీల గదిలో, ఫంకా గాలి తగలని చోట ఉంచామనుకుందాం. న్యూటన్ శీతలీకరణ నియమాన్ని సాధారణ ఉష్ణ బదిలీ విలువలతో అన్వయిస్తే అది 60 డిగ్రీలకు చేరడానికి సుమారు 8 నిమిషాలు, 50 డిగ్రీలకు చేరడానికి సుమారు 15 నిమిషాలు పడుతుంది. ఫంకా గాలి తగిలితే ఆ కాలం దాదాపు సగమవుతుంది. అదే లెక్కలో 12 సెంటీమీటర్ల మందం గల తొడ 60 డిగ్రీలకు దిగడానికి అరగంటకు పైగా కావాలి. ఇవి అంచనాలే. ముక్క ఆకారం, కొవ్వు, పైపొర తడిని బట్టి మారతాయి. కాని నిష్పత్తి మారదు. పెద్ద ముక్క తన వేడిని తానే మోసుకుపోతుంది, చిన్నదానికి ఆ శక్తి లేదు. బోటీ కబాబుకు చువ్వ నుంచి తీసి పళ్లెంలో సర్దే ఒకటి రెండు నిమిషాలే చాలినంత విశ్రాంతి.

చిన్న ముక్కలను తట్టలో గుట్టగా పోస్తే వేడి నిలుస్తుందని వంటవారి వాదన. అది సగమే నిజం. గుట్ట పైభాగం త్వరగా చల్లారుతుంది. మధ్యభాగం మాత్రం 40 నుంచి 50 డిగ్రీల మధ్య చాలాసేపు నిలిచిపోతుంది. సూక్ష్మజీవులకు అంతకన్నా అనుకూలమైన స్థితి వేరొకటి ఉండదు.

నిలుపుదల: సూక్ష్మజీవులు, నిబంధనలు

ఈ దశలో ప్రధాన శత్రువు క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్. దీని సిద్ధబీజాలు మామూలు వంట వేడికి చావవు. పైగా ఆ వేడి వాటిని నిద్ర లేపుతుంది. వంటలో ఇతర సూక్ష్మజీవులు నశించి, ప్రాణవాయువు తగ్గి, పోటీ లేని మాంసంలో అవి మొలకెత్తుతాయి. సుమారు 12 నుంచి 50 డిగ్రీల వరకు పెరిగే ఈ సూక్ష్మజీవి 43 నుంచి 45 డిగ్రీల వద్ద, అనుకూల పరిస్థితుల్లో, 10 నిమిషాలకు అటూ ఇటూగా రెట్టింపవుతుంది. మొలకెత్తడానికి పట్టే తొలి వ్యవధిని మినహాయిస్తే, ఆ వేగంతో ఒక గంటలో 64 రెట్లు, రెండు గంటల్లో 4,096 రెట్లు పెరగగలదు. పెద్ద ఎత్తున వండి నిలువ ఉంచే సామూహిక భోజనాలతో దీని పేరు ప్రపంచమంతటా ముడిపడి ఉండటానికి కారణం ఇదే.

రెండవది స్టాఫిలోకాకస్ ఆరియస్. ఇది ప్రధానంగా మనిషి చేతుల నుంచి, ముక్కు నుంచి చేరుతుంది. కైమాను చువ్వకు అద్దే పని చేతితోనే జరుగుతుంది. దీని ప్రత్యేకత విషపదార్థం. సూక్ష్మజీవి చచ్చినా అది తయారుచేసిన విషం మరిగే వేడికి కూడా తట్టుకుంటుంది. తిరిగి వేడి చేస్తే అంతా సరిపోతుందనే నమ్మకం ఇక్కడ చెల్లదు. మూడవదైన బాసిల్లస్ సీరియస్ మసాలా దినుసులతో రాగలదు.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2011 నిబంధనల్లోని నాలుగవ షెడ్యూలు ప్రకారం మాంసాహారపు అంతర్భాగం 65 డిగ్రీల వద్ద 10 నిమిషాలు, లేదా 70 డిగ్రీల వద్ద 2 నిమిషాలు, లేదా 75 డిగ్రీల వద్ద 15 సెకన్లు ఉడకాలి. వేడిగా నిలుపుదల చేసే శాకాహారాన్ని 65, మాంసాహారాన్ని 70 డిగ్రీల వద్ద ఉంచాలి. ఇంగ్లండ్‌లో ఈ పరిమితి 63 డిగ్రీలు. అమెరికా ఆహార నియమావళిలో 57 డిగ్రీలు. మన నిబంధన కఠినమైనది. మన వేసవి, మన వంటశాలల వేడి, తలుపులు తెరిచి మూసే తీరు దృష్టిలో పెట్టుకుంటే ఆ అదనపు కొలత సమంజసమే. కాని దాని పర్యవసానాన్ని దాచకుండా చెప్పాలి. 70 డిగ్రీలంటే ఆక్టిన్ రూపు మారే పరిధి. ఆ వేడిలో అరగంట ఉంచిన కోడి రొమ్ము ముక్క ఎండిన కొబ్బరిలా తయారవుతుంది. ఇది తెలిసిన వంటవాడు రుచి కోసం హాట్ కేస్‌ను 55కు తగ్గిస్తాడు. అతడికి భద్రత గురించి ఉపన్యాసం ఇచ్చి ప్రయోజనం లేదు. అతడి సమస్య నిజమైనది. రుచికీ భద్రతకూ మధ్య బేరం పెట్టకుండా, చిన్న ముక్కలను అసలు నిలువ ఉంచవలసిన అవసరమే రాకుండా వంట క్రమాన్ని మార్చడం దానికి పరిష్కారం.

ఇందుకు పని కొత్తదేమీ కాదు. నూరుమందికి కావలసిన చువ్వలను ఒకేసారి కాల్చే బదులు, 5 డిగ్రీల లోపు చల్లదనంలో పచ్చిగా సిద్ధంగా ఉంచి, ప్రతి 10 నిమిషాలకు ఒక వంతు చొప్పున కాల్చడం. బొగ్గుల పొయ్యి పొడవు, ఒక వరుసకు పట్టే చువ్వలు, ఒక్కో వరుసకు పట్టే నిమిషాలు తెలిస్తే గంటకు ఎన్ని పళ్లేలు వడ్డించగలరో లెక్క తేలుతుంది. ఆ లెక్క గిరాకీకి చాలకపోతే పొయ్యి పెంచాలి, లేదా జాబితాలో నిలువకు ఓర్చుకొనే వంటకాలను చేర్చాలి. ఈ రెండవ మార్గం గురించి తరువాత చెప్పుకుందాం.

హాట్ కేస్ అంకె చెప్పని విషయం

వ్యవసాయ వాతావరణ శాస్త్రం చదివిన విద్యార్థులకు తడి బల్బు ఉష్ణోగ్రత సుపరిచితం. తడి గుడ్డ చుట్టిన బల్బు పొడి గాలిలో చల్లబడినట్లే, హాట్ కేస్‌లోని తడి మాంసపు ఉపరితలం కూడా ఆవిరయ్యే నీటి వల్ల చల్లబడుతుంది. 30 డిగ్రీల గది గాలినే తేమ చేర్చకుండా 70 డిగ్రీలకు వేడి చేస్తే ఆ గాలిలోని తడి ఉపరితలం 40 డిగ్రీలకు దిగువన కూడా స్థిరపడగలదు. ఉపరితలం ఎండిపోయాక గాని అది పైకి రాదు. అంటే పెట్టె ముందు వెలిగే 70 అనే అంకె గాలిది, మాంసానిది కాదు. పెట్టె అడుగున వేడి నీటి పళ్లెం ఉంచి తేమను పెంచితే రెండు మేళ్లు. ఉపరితలం వేడిగా నిలుస్తుంది, బరువు తగ్గుదలా తగ్గుతుంది. పైపొర కరకరలాడే గుణం కొంత పోతుందన్నది నిజమే. వడ్డించే ముందు ఒక నిమిషం నిప్పులపై చూపితే అది తిరిగి వస్తుంది.

నిలువ ఉంచిన కాల్చిన మాంసంలో కనిపించే మరొక లోపం పాచి వాసన. వండిన మాంసంలో విడుదలైన ఇనుము కొవ్వుల ఆక్సీకరణను వేగవంతం చేయడం దీనికి మూలం. టిమ్స్, వాట్స్ అనే శాస్త్రవేత్తలు 1958లో దీనిని గుర్తించి పేరు పెట్టారు. లవంగం, దాల్చినచెక్క, అల్లం, వెల్లుల్లి వంటి మన మసాలాలకు ఆక్సీకరణను నిరోధించే గుణం ఉండటం వల్ల కబాబుల్లో ఈ లోపం ఉప్పు మాత్రమే పట్టించిన మాంసంలో కన్నా ఆలస్యంగా బయటపడుతుంది.

బొప్పాయి ప్రశ్న

హైదరాబాదీ కబాబుల్లో గమనించవలసిన అంశం పచ్చి బొప్పాయి. ముదురు గొర్రె మాంసాన్ని మెత్తబరచడానికి కాయ తురుమునో, ముద్దనో పట్టిస్తారు. పత్తర్ కా గోష్ట్ మొదలు బోటీ కబాబు వరకు ఇది సర్వసాధారణం. అందులోని పపైన్ ఎంజైము శీతల పెట్టెలో మందకొడిగా, గది వేడిలో ఓ మోస్తరుగా పనిచేస్తుంది. అది అత్యంత చురుకుగా ఉండేది సుమారు 60 నుంచి 70 డిగ్రీల మధ్య. పూర్తిగా నిర్వీర్యం కావడానికి 80 డిగ్రీలు దాటి కొంతసేపు ఉండాలి.

ఇప్పుడు నిలుపుదల పరిధిని గుర్తు చేసుకోండి. అదే 60 నుంచి 70 డిగ్రీలు! 75 డిగ్రీల వద్ద కొద్ది సెకన్లు మాత్రమే నిలిచి దిగిన ముక్కలో పపైన్ సజీవంగానే ఉంటుంది. దానిని హాట్ కేస్‌లో పెట్టడమంటే ఎంజైముకు ఇష్టమైన వేడిలో భద్రంగా కూర్చోబెట్టడమే. పొయ్యి దించగానే చక్కగా ఉన్న కబాబు ముప్పావు గంట తరువాత పిండిపిండిగా, నాలుకకు అంటుకొనేలా మారితే దోషం మాంసానిదో మసాలాదో కాదు, ఆ ముప్పావు గంటది. వంటవారు దీనిని "మాంసం విరిగిపోయింది" అనుకొని మరుసటి రోజు మాంసపు దుకాణం మారుస్తారు. దుకాణం మారినా ఫలితం మారదు.

అల్లంలోని జింజిబైన్ కూడా ప్రోటీన్లను విడగొట్టే ఎంజైమే. అయితే అది 70 డిగ్రీల వద్ద త్వరగా శక్తి కోల్పోతుంది. నవీన, మెందిరత్త, ఆంజనేయులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో గేదె మాంసంపై కచ్రీ దోస పొడి, అల్లం సారం, పపైన్‌లను పోల్చి చూడగా రుచి పరీక్షల్లో అల్లం సారం పట్టించిన మాంసమే మెరుగైన గుర్తింపు పొందింది. నిలుపుదల తప్పనిసరి అయిన వంటకాలకు బొప్పాయిని తగ్గించి అల్లం వైపు మొగ్గడానికి ఇది బలమైన ఆధారం. బొప్పాయి వాడిన ముక్కలను మాత్రం కాల్చిన వెంటనే వడ్డించాలి.

అసలు ఇంత బొప్పాయి ఎందుకు అవసరమవుతోంది? 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.90 కోట్ల గొర్రెలు ఉన్నాయి. గొర్రెల సంఖ్యలో రాష్ట్రానిది దేశంలో మొదటి స్థానం. అయినా మన వినియోగదారు తెల్లవారుజామున కోసిన మాంసాన్ని అదే రోజు వండాలని కోరుకుంటాడు. వధ తరువాత కొన్ని గంటల్లో కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువు సడలడానికి 4 డిగ్రీల చల్లదనంలో కనీసం ఒక రోజు ఉంచాలి. ఆ ఒక్క రోజు లేకపోవడం వల్ల కలిగే గట్టిదనాన్ని బొప్పాయితో పూడ్చుతున్నారు. బొప్పాయి నిలుపుదలలో బెడిసికొడుతోంది. మాదాపూర్ వంటశాలలో మెత్తబడిపోయిన కబాబుకు కారణం వెతుకుతూ వెళితే నగర శివారు వధశాల గడప దాకా చేరుకుంటాము. చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ, పశువైద్య విశ్వవిద్యాలయం చల్లని మాంసం గురించి చేస్తున్న ప్రచారానికి ఆరోగ్య కారణాలతో పాటు ఈ వంటింటి కారణాన్ని కూడా జోడిస్తే హోటలు యజమానులు చెవి ఒగ్గుతారని నా అభిప్రాయం.

సగం కాల్చిన చువ్వలు

రద్దీ వేళకు ముందే చువ్వలను తందూరులో సగం కాల్చి పక్కన పెట్టి, అడిగినప్పుడు పూర్తి చేయడం విరివిగా ఉన్న అలవాటు. ఈ వ్యాసంలో చర్చించిన వాటన్నింటిలో అత్యంత ప్రమాదకరమైనది ఇదేనని చెప్పవచ్చు. సగం కాల్చిన ముక్క మధ్యభాగం 45, 50 డిగ్రీలకు మించకపోవచ్చు. హానికర జీవులు చావడానికి ఆ వేడి చాలదు, పెరగడానికి మాత్రం చాలు. తందూరు పక్కన 40 డిగ్రీల గాలిలో అది గంటల తరబడి అదే స్థితిలో ఉంటుంది. పైకి రంగు తిరిగి ఉండటం వల్ల ఎవరికీ అనుమానం రాదు. పసుపు, కారం పట్టించిన మాంసంలో రంగును చూసి ఉడుకు నిర్ణయించడం అసాధ్యమని కూడా గుర్తుంచుకోవాలి.

బల్ల మధ్యలోని కుంపటి దీనికి విరుగుడు కాదు. అది ప్రధానంగా వేడిగా ఉంచే సాధనం. బూడిద కప్పిన బొగ్గులపై ముక్క పైభాగం చిటపటలాడుతున్నా మధ్యభాగం 75 డిగ్రీలకు చేరుతుందన్న హామీ లేదు. బల్లపైకి వచ్చే ప్రతి చువ్వా వంటగదిలోనే పూర్తిగా ఉడికి ఉండాలి. ముందుగా సగం కాల్చక తప్పనప్పుడు వెంటనే పలుచగా పరచి 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల లోపు, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో రెండు గంటల లోపు దించి శీతల పెట్టెలో ఉంచాలి.

నిలువకు ఓర్చుకొనే వంటకాలు

అన్ని మాంసాలూ వేడికి ఓడిపోవు. హలీమ్ ఇందుకు మన కళ్లముందున్న దృష్టాంతం. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్‌ను ఇటుక, మట్టితో కట్టిన భట్టీలో గంటల తరబడి ఉడికిస్తారు. వడ్డన సాగినంతసేపు దేగిసా భట్టీలోనే ఉంటుంది. మందమైన గోడ వేడిని నెమ్మదిగా విడుస్తుంది, గోధుమ, నెయ్యి కలిసిన చిక్కని ముద్ద తేమను పోనివ్వదు, కొల్లాజెన్ అప్పటికే జెలటిన్‌గా మారి ఉంటుంది. ఎండిపోవడానికి విడిగా తంతువు మిగలదు. అందుకే 70 డిగ్రీలకు పైన ఎంతసేపు ఉంచినా హలీమ్ నాణ్యత నిలుస్తుంది. అడుగంటకుండా కలుపుతూ ఉండటమే దానికి కావలసిన సేవ.

అమెరికాలోని టెక్సాస్‌లో ఎద్దు రొమ్ము భాగాన్ని పొగలో రాత్రంతా కాల్చి, ఆ తరువాత 60, 65 డిగ్రీల పెట్టెల్లో మరెన్నో గంటలు ఉంచి వడ్డిస్తారు. అక్కడి నిలుపుదల వంటలో భాగమే. 5, 6 కిలోల ఆ ఖండంలో కొల్లాజెన్ అధికం, కొవ్వు అధికం. ఉంచేకొద్దీ మెత్తబడుతుంది. ఆ పద్ధతిని చూసి ప్రేరణ పొంది కోడి టిక్కాను థర్మోకోల్ పెట్టెలో మూడు గంటలు దాచడం తగదు. మన పరిస్థితుల్లో రొమ్ము ఖండానికి సాటిరాగలవి గొర్రె తొడ, ముందరి జబ్బ, నల్లీ భాగాలు. నెమ్మదిగా ఉడికించి, చివర నిప్పులపై రంగు తెప్పించి, 70 డిగ్రీల తేమ పెట్టెలో ఉంచితే ఇవి మధ్యాహ్న రద్దీ అంతటికీ నిలుస్తాయి. చువ్వల గిరాకీని వీటితో పంచుకొనేలా జాబితాను రూపొందించడం యజమానికీ లాభమే. సాధారణంగా తక్కువ ధర పలికే జబ్బకు కొత్త ఉపయోగం దొరుకుతుంది.

ఇంటికి చేరవేసే కబాబుల గురించి ఒక్క మాట. మూత బిగించిన డబ్బాలో ఆవిరి నీరై పైపొరను నానబెడుతుంది. చిన్న రంధ్రాలున్న కాగితపు పెట్టె మేలు. సాయంత్రపు రద్దీలో అరగంట ప్రయాణించిన కబాబు ఎలాగూ 60 డిగ్రీల కింద ఉంటుంది కనుక, వచ్చిన వెంటనే తినాలన్న సూచనను పెట్టెపై తెలుగులో ముద్రించడం అవసరం. మధ్యాహ్నం తెప్పించి సాయంత్రం వరకు బల్ల కింద ఉంచే అలవాటు కార్యాలయాల్లో ఉన్నది.

కొలత, అభ్యాసం

ఈ బోధనకు కావలసిన ఏకైక పరికరం సన్నని మొన గల డిజిటల్ ఉష్ణమాపకం. దానిని ముందుగా పరీక్షించాలి. నలగ్గొట్టిన మంచు కలిపిన నీటిలో 0 చూపాలి. మరిగే నీటిలో 100 చూపుతుందని విద్యార్థులు ఆశిస్తారు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల ఇక్కడ నీరు 98 డిగ్రీల చేరువలోనే మరుగుతుంది. 98 చూపిన పరికరాన్ని పాడైందని పక్కన పడవేయరాదు. సీఖ్ కబాబులో మొనను అడ్డంగా గుచ్చితే అది రెండో వైపుకు చేరువై తప్పు అంకె వస్తుంది. చువ్వ తీసిన తరువాత ఏర్పడే రంధ్రంలోనూ దూర్చకూడదు. పొడవు వెంట, మాంసపు మందం మధ్యకు చేరేలా గుచ్చాలి. ఒక ముక్క నుంచి మరొక ముక్కకు వెళ్లే ముందు మొనను శుభ్రపరచాలి.

క్షేత్ర శిక్షణలో ఈ అభ్యాసం చేయించవచ్చు. ఒకే పాళ్లలో కలిపిన కైమాతో సీఖ్ కబాబులు, ఒక గొర్రె జబ్బ తీసుకొని అన్నింటినీ 75 డిగ్రీలకు కాల్చాలి. కబాబులను మూడు భాగాలు చేసి ఒకదానిని విడివిడిగా పళ్లెంలో, రెండవదానిని గుట్టగా తట్టలో, మూడవదానిని నీటి పళ్లెం ఉన్న హాట్ కేస్‌లో ఉంచాలి. జబ్బను రేకు కింద ఉంచాలి. ప్రతి 2 నిమిషాలకు అంతర్భాగ ఉష్ణోగ్రతను, మొదట, చివర బరువును నమోదు చేయాలి. గుట్టలో పైభాగాన్ని, మధ్యభాగాన్ని వేరుగా కొలవాలి. బొప్పాయి పట్టించిన ముక్కలు, అల్లం పట్టించిన ముక్కలు మరో జతగా హాట్ కేస్‌లో చేర్చి 15, 30, 45 నిమిషాలకు వేలితో నొక్కి, కోసి చూసి తేడా రాయించాలి. గంట దాటిన కబాబులను ఎవరూ రుచి చూడకుండా పారవేయించాలి. వచ్చిన రేఖాచిత్రాలను వంటశాల గోడకు అంటించి, వంటవారు తమ పొయ్యి, తమ గది, తమ తట్టలకు తగిన నిమిషాలను తామే దానిపై గుర్తించేలా చేయాలి. మహిళా సంఘాలు నడిపే క్యాంటీన్లలో ఈ పని మొదలుపెడితే సులభం. అక్కడ వండే చేతులు, వడ్డించే చేతులు ఒకటే.